పది జిల్లాల సగటు ఎంత?



డిగ్రీలో భూగోళశాస్త్రం తీసుకునే పిల్లల్లో చాలామంది ఇంటర్లో హెచ్‌ఈసీయో సీఈసీయో చదివి వస్తారు. పదో తరగతితో లెక్కలు వదిలిపోయాయని నిశ్చింతగా ఉన్నవాళ్లు. అలాంటివాళ్ల ముందుకు ఒక సెమిస్టర్లో పరిమాణాత్మక పద్ధతుల పేపరు వచ్చి నిలబడుతుంది. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, ప్రామాణిక విచలనం, సహసంబంధం, ప్రతిగమనం. పుస్తకం తెరిస్తే ఎక్స్ అని ఒక వరుస, వై అని ఒక వరుస. ఆ ఎక్స్ ఏ ఊరిదో, ఆ వై ఏ ఏటిదో ఎక్కడా ఉండదు. సూత్రం రాసి, పట్టిక గీసి, జవాబు కింద రెండు గీతలు కొడితే మార్కులు పడతాయి. వచ్చిన జవాబు దేని గురించి ఏం చెబుతోందని అడిగే ప్రశ్న పరీక్షలో చాలా అరుదు.

ఆ పేపరు చెప్పే అధ్యాపకుల్లో నేనూ ఒకణ్ని. ఇన్నేళ్లుగా ఈ పిల్లలతో కూర్చున్నాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే. భూగోళం చదివే విద్యార్థికి అంకెను దాని చోటుతో కలిపి చేతికివ్వాలి. చోటు తెలిసిన అంకెను వాళ్లు వదిలిపెట్టరు. లెక్కలంటే భయపడేవాళ్లే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ప్రశ్నిస్తారు.

మీ దగ్గర కాగితం, కలం ఉంటే కొన్ని అంకెలు రాసుకోండి. 2011 జనగణన నాటికి తెలంగాణ ప్రాంతంలో పది జిల్లాలుండేవి. ఒక్కో జిల్లాలో చదరపు కిలోమీటరుకు సగటున ఎంతమంది ఉన్నారో చెబుతాను. ఆదిలాబాద్ 170. ఖమ్మం 175. మహబూబ్‌నగర్ 220. నల్గొండ 245. వరంగల్ 273. మెదక్ 313. కరీంనగర్ 319. నిజామాబాద్ 321. రంగారెడ్డి 707. చివరిది హైదరాబాద్, 18,172.

ఈ పదీ కూడి పదితో భాగించండి. 2,091.5 వస్తుంది. తరగతిలో అందరికీ అదే వస్తుంది, లెక్కలో తప్పేమీ లేదు. అప్పుడు అడుగుతాను, చదరపు కిలోమీటరుకు రెండువేల మంది ఉన్న జిల్లా ఇందులో ఏది? ఏదీ లేదు. తొమ్మిది జిల్లాలు ఆ అంకెకు చాలా కింద ఉన్నాయి, ఒకటి చాలా పైన ఉంది. ఇప్పుడు ఇంకో దారిన పోదాం. పది జిల్లాల మొత్తం జనాభా 3 కోట్ల 51 లక్షల 93 వేల చిల్లర, మొత్తం విస్తీర్ణం 1,14,840 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే 306. మూడో దారి, పది అంకెలనూ వరుసలో పెట్టి నడుమ ఉన్న రెండింటికి సగటు తీస్తే 293. ఒకే పట్టిక నుంచి మూడు జవాబులు వచ్చాయి. ఒకటి మాత్రం మిగతా రెంటికీ దాదాపు ఏడింతలు.

ఎందుకిలా అయిందని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని తొందరపడి చెరపకూడదు. కాసేపటికి ఎవరో ఒకరు గోడ మీది పటం వైపు చూస్తారు. హైదరాబాద్ జిల్లా మొత్తం 217 చదరపు కిలోమీటర్లే. ఆదిలాబాద్ 16,105. అలాంటి హైదరాబాద్‌లు డెబ్బై నాలుగు ఆ ఒక్క ఆదిలాబాద్‌లో పడతాయి. మనం వేసిన సగటులో మాత్రం రెండింటికీ ఒకే విలువ ఇచ్చాం. విస్తీర్ణాన్ని బట్టి భారం ఇవ్వాలని పటం చూసిన విద్యార్థి తనంతట తానే అంటాడు. భారిత సగటు సూత్రం ఆ తర్వాత రాస్తే అది వాళ్లకు తెలిసిన మాటగానే కనిపిస్తుంది.

ఇవే అంకెలతో పటం గీయమంటే ఇంకో సంగతి బయటపడుతుంది. 170 నుంచి 18,172 దాకా ఉన్న దూరాన్ని అయిదు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం 3,600. రికార్డు పుస్తకంలో నేర్పే పద్ధతి ఇదే. అలా చేస్తే తొమ్మిది జిల్లాలు మొదటి భాగంలోనే పడి ఒకే రంగు పూసుకుంటాయి, నడుమ చిన్న చుక్కలా హైదరాబాద్ ఒక్కటి ముదురు రంగులో ఉంటుంది. ఆదిలాబాద్ అడవికీ రంగారెడ్డి శివారు కాలనీలకూ ఆ పటంలో తేడా ఉండదు. అలా కాకుండా తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, రెండేసి జిల్లాలకు ఒక రంగు ఇస్తే ఆదిలాబాద్, ఖమ్మం ఒక జట్టుగా తేలతాయి, నిజామాబాద్, కరీంనగర్‌లు వేరుగా కనిపిస్తాయి. అయితే అప్పుడు రంగారెడ్డీ హైదరాబాదూ ఒకే రంగులో కలిసిపోతాయి, వాటి మధ్య ఇరవై అయిదింతల తేడా మాయమవుతుంది. పటం గీసేవాడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎందుకు ఎంచుకున్నాడో పటం కింద రాయక తప్పదు. ఆ రెండు వాక్యాలు రాసిన విద్యార్థికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను, రంగులు ఎంత అందంగా దిద్దినా వేయనన్ని.

ప్రామాణిక విచలనం దగ్గర నాదొక పట్టుదల ఉంది. అయిదు అంకెలతో ఒక్కసారి చేత్తో చేయించాలి. తేడా తీయడం, వర్గం చేయడం, సగటు తీయడం, వర్గమూలం కట్టడం, ఈ మెట్లు ఒకసారి ఎక్కితే చాలు. అరవై అంకెల పట్టికను రికార్డులో నీటుగా దించమనడం వల్ల ఆ విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. ఆ సమయాన్ని అనంతపురం వానలకు ఇవ్వవచ్చు. అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అంటారు. ఆ ఒక్క అంకెను పట్టుకుని వేరుశనగ వేసే రైతు ఎవరూ ఉండరు. సగటు నుంచి ఏ ఏడు ఎంత పక్కకు జరుగుతుందన్నదే అక్కడి బతుకు. కోస్తాలో వెయ్యికి నూరు మిల్లీమీటర్లు తగ్గడం, అనంతపురంలో అయిదు వందల యాభైకి నూరు తగ్గడం ఒకటి కాదు. విచలనాన్ని సగటుతో ఎందుకు భాగించి చూడాలో ఇక్కడ చెబితే సరిపోతుంది.

వరదల పాఠం మీద మాత్రం నేను ఎక్కువసేపు ఉంటాను. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నది ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఈ మూడు అంకెలు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1986 ఆగస్టులో అక్కడ నీళ్లు 75.6 అడుగులకు లేచాయి. 2022 జూలైలో 71.3 అడుగులు. ఇలాంటి వరద ఎన్నేళ్లకోసారి వస్తుందో లెక్కకట్టాలంటే, ఏటా నమోదైన గరిష్ఠ నీటిమట్టాలను పెద్దది మొదలు చిన్నదాకా పేర్చి ర్యాంకులు వేయాలి. ఎన్నేళ్ల లెక్కలున్నాయో ఆ సంఖ్యకు ఒకటి కలిపి ర్యాంకుతో భాగిస్తే పునరావృత కాలం వస్తుంది. యాభై ఏళ్ల లెక్కలు చేతిలో ఉంటే అన్నిటికన్నా పెద్ద వరదకు 51 ఏళ్లు, రెండోదానికి ఇరవై అయిదున్నర ఏళ్లు.

చాలా తరగతుల్లో పాఠం అక్కడ ఆగిపోతుంది. అక్కడ ఆపడం ప్రమాదం. యాభై ఏళ్ల వరద అనగానే, ఒకసారి వచ్చిపోయింది కదా ఇక మన తరంలో రాదులే అనుకుంటారు. పిల్లలూ అనుకుంటారు, పెద్దలూ అనుకుంటారు, ఆ ధీమాతోనే లోతట్టున ఇళ్లు లేస్తాయి.

అందుకని తరగతికి ఒక స్టీలు డబ్బా పట్టుకెళ్తాను. అందులో యాభై చీటీలు, నలభై తొమ్మిది తెల్లవి, ఒకటి ఎర్రది. ఒక్కో విద్యార్థి ముప్పై సార్లు చీటీ తీయాలి. తీసిన ప్రతిసారీ మళ్లీ డబ్బాలో వేసి బాగా కలపాలి. ఒక్కో తీత ఒక్కో ఏడాది. ముప్పై ఎందుకంటే, ఇల్లు కట్టుకున్న మనిషి ఆ ఇంట్లో పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసేసరికి అన్నేళ్లు గడుస్తాయి. ఎర్ర చీటీ వస్తే ఆ ఏడు ఇంట్లోకి నీళ్లొచ్చినట్టు. మొదట్లో నవ్వుకుంటూ తీస్తారు. అందరిదీ అయ్యాక, ఒక్కసారైనా ఎర్రది వచ్చినవాళ్లు చేయెత్తండి అంటే సగానికి కాస్త అటూ ఇటూగా చేతులు లేస్తాయి. ఒకరిద్దరికి రెండుసార్లు వచ్చి ఉంటుంది. అప్పుడప్పుడు వరసగా రెండేళ్లు వచ్చినవాళ్లూ ఉంటారు. అప్పుడు బోర్డు దగ్గరికి పోతాం. ఒక ఏడాదిలో రాకుండా ఉండే సంభావ్యత 0.98. దాన్ని ముప్పై సార్లు గుణిస్తే 0.545. అంటే ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 45 శాతం పైమాట. చేతులెత్తి చూసుకున్నవాళ్లకు ఈ గుణకారం ఎందుకు చేస్తున్నామో చెప్పనక్కర్లేదు.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న కూడా వేయాలి. డబ్బాలో చీటీలు ముప్పై ఏళ్లూ మారలేదు. నది అలా ఉంటుందా? ఎగువన ఆనకట్టలు వస్తాయి, అడవులు తగ్గుతాయి, వానల తీరు మారుతుంది. పాత యాభై ఏళ్ల లెక్క రాబోయే ముప్పై ఏళ్లకు ఎంతవరకు పనికొస్తుంది? మొదటి ఇరవై అయిదేళ్లను, తర్వాతి ఇరవై అయిదేళ్లను విడివిడిగా లెక్కకట్టి పోల్చమంటే విద్యార్థులే ఏదో ఒకటి కనిపెట్టి వస్తారు.

నది లెక్కల్ని ఓపికగా తిరగేస్తే ఏం జరుగుతుందో మన దేశంలోనే చూశాం. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగుమట్టం పైకి లేచిందని, కరకట్టల ఎత్తు పెంచాలని ఇంజనీర్లు తేల్చారు. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు దశాబ్దాల వర్షపాతం, నీటిమట్టాల లెక్కలు ముందేసుకుని నది అడుగు లేవలేదని చూపారు. ఎగువన ఆనకట్టలతో నీటిని నిలపడం మేలన్నారు. ఆయన 1931లో కలకత్తాలో నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పదేళ్ల తర్వాత మన సి.ఆర్. రావు గారు చేరారు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు చదివి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసిన మనిషి. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఆయనకు గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రాన్ని పెంచినవాళ్లలో మనవాడు ఉన్నాడని తెలిస్తే బెంచీల మీద వీపులు నిటారవుతాయి. అందుకే ఆయన పేరు తప్పక చెబుతాను.

ఇక శాంపుల్ సంగతి. తరగతి గదిలో యాదృచ్ఛిక ప్రతిచయనం అని నిర్వచనం చెబితే అందరూ రాసుకుంటారు. ఊళ్లోకి వెళ్లాక బస్సు దిగిన చోటు నుంచే సర్వే మొదలుపెడతారు. రోడ్డు పక్క ఇళ్లు, కిరాణా కొట్టు, గుడి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు. మధ్యాహ్నానికి ఫారాలు నిండుతాయి. ఊరి చివరి వాడ ఆ ఫారాల్లో ఉండదు. బోరుబావి ఉన్నవాళ్లూ, పగలు ఇంటిపట్టున ఉండేవాళ్లూ మాత్రమే ఉంటారు. ఆ ఊళ్లో సాగునీటి వసతి ఎంత అంటే, ఉన్నదానికన్నా ఎక్కువే తేలుతుంది.

ఒక వానాకాలం ఇలాగే సర్వేకు బయల్దేరుతుంటే, ఆ చుట్టుపక్కల ఊరి నుంచే వచ్చిన ఒక అమ్మాయి అడ్డం పడింది. "ఇప్పుడు పోతే మా వాళ్లెవ్వరు దొరకరు సార్. నాట్లకు పోయి ఉంటరు. పొద్దుగూకినంక పోదాం" అంది. మేం సాయంత్రం వెళ్లాం. ఇళ్లన్నిటికీ ముందే నంబర్లు వేసి, చీటీలు తీసి, వచ్చిన నంబరు ఇంటికే వెళ్లాం. తాళం ఉంటే పక్కింటికి పోకుండా మర్నాడు మళ్లీ అదే ఇంటికి. శాంపుల్ గురించి ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా ఆ అమ్మాయి ఒక్క మాటలో చెప్పేసింది. భూగోళశాస్త్రం పిల్లలకు ఇలాంటి తెలివి పుట్టిన ఊరి నుంచే వస్తుంది. దాన్ని తరగతిలోకి పిలవడం మన పని.

ఇప్పుడు సహసంబంధం. ఇక్కడ పిల్లలకు 1950 నాటి ఒక పరిశోధన చెప్పి తీరాలి. అమెరికాలో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930 జనగణన లెక్కలు తీసుకుని, విదేశాల్లో పుట్టినవాళ్ల శాతానికీ నిరక్షరాస్యుల శాతానికీ ఉన్న సంబంధం చూశాడు. రాష్ట్రాలవారీగా చూస్తే సహసంబంధ గుణకం మైనస్ 0.53. అంటే వలసవచ్చినవాళ్లు ఎక్కువ ఉన్న రాష్ట్రంలో నిరక్షరాస్యత తక్కువ. అదే మనుషులవారీగా లెక్కిస్తే ప్లస్ 0.12. వలసవచ్చిన మనిషికే చదువు రాకపోయే అవకాశం కాస్త ఎక్కువ. వాళ్లు వచ్చి స్థిరపడింది అప్పటికే చదువు బాగా ఉన్న రాష్ట్రాల్లో కాబట్టి లెక్క తలకిందులైంది. మన పత్రికల్లోనూ రోజూ ఈ పొరపాటు కనిపిస్తుంది. ఫలానా జిల్లాలో ఫలానా వర్గం ఎక్కువ, అక్కడ ఫలానా నేరం ఎక్కువ, కాబట్టి ఆ వర్గమే కారణం అని రాసేస్తారు. జిల్లా అంకెలు మనిషి గురించి ఆ మాట చెప్పలేవు. డిగ్రీ దాటి వెళ్లే విద్యార్థికి ఈ ఒక్కటి గుర్తుంటే, మిగతా సూత్రాలు మరిచిపోయినా నాకు బాధ లేదు.

గీతలు ఎక్కడ గీశామన్నది కూడా జవాబును మార్చేస్తుంది. 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే ఇద్దరు బ్రిటిష్ భూగోళవేత్తలు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న 99 కౌంటీలను తీసుకున్నారు. అరవై ఏళ్లు దాటినవాళ్ల శాతం ఒకవైపు, రిపబ్లికన్ ఓట్ల శాతం ఇంకోవైపు. ఆ కౌంటీలనే రకరకాలుగా కలిపి పెద్ద ప్రాంతాలుగా చేసి చూస్తే సహసంబంధం దాదాపు మైనస్ ఒకటి నుంచి దాదాపు ప్లస్ ఒకటి దాకా ఎలా కావాలంటే అలా వచ్చింది. మనుషులు వాళ్లే, ఓట్లు అవే.

అయోవా దాకా పోనక్కర్లేదు. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరు 11న ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఇరవై ఆరయ్యాయి. రాత్రికి రాత్రి ఒక్క మనిషీ కదల్లేదు, ఒక్క బావీ ఎండలేదు. పట్టికల్లో మాత్రం అంతా మారిపోయింది. ఇంతకంటే మంచి ప్రయోగశాల ప్రపంచంలో ఏ భూగోళశాస్త్ర విభాగానికి దొరుకుతుంది? మండలాలవారీగా అక్షరాస్యత, సాగునీటి కింద ఉన్న భూమి శాతం తీసుకుని, ఒకసారి మండలాలతో, ఒకసారి పాత జిల్లాలతో, ఒకసారి కొత్త జిల్లాలతో సహసంబంధం కట్టించండి. మూడు గుణకాలు వస్తాయి, మూడూ సరిగ్గా కట్టినవే. ఏది చెప్పాలన్న చర్చ రెండు పీరియడ్లు నడుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దగ్గర దగ్గర చోట్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. భూగోళవేత్త వాల్డో టోబ్లర్ 1970లో దీన్నే భూగోళశాస్త్రపు మొదటి నియమం అన్నాడు. పక్కపక్కనే ఉన్న నలభై మండలాల వర్షపాతం తీసుకుంటే, ఒకే మబ్బు అన్నిటి మీదా కురిసి ఉంటుంది. అంకెలు నలభై ఉన్నా, ఒకదానితో ఒకటి సంబంధం లేని నలభై అంకెలంత బలం వాటికి ఉండదు. మామూలు గణాంక పరీక్షలు ఈ సంగతి పట్టించుకోవు. డిగ్రీ స్థాయిలో దీని సూత్రం చెప్పనక్కర్లేదు, హెచ్చరిక చాలు.

లెక్కలకు అందనివీ ఉన్నాయని ఈ పేపరులోనే చెప్పాలి. 1950లలో అమెరికాలోని సియాటిల్‌లో విలియం గారిసన్, ఆయన శిష్యులు భూగోళశాస్త్రాన్ని సంఖ్యల వైపు తిప్పారు. ఆ పద్ధతికి తాత్విక పునాది వేస్తూ 1969లో పుస్తకం రాసిన డేవిడ్ హార్వే, నాలుగేళ్లకే నగరాల్లో సామాజిక న్యాయం గురించి రాస్తూ ఆ సూత్రాలకు పేదరికం ఎందుకు అందడం లేదని నిలదీశాడు. ఒకే మనిషి రెండు పుస్తకాలూ రాశాడని తెలిస్తే పిల్లలు ఏ ఒక్కదాన్నీ గుడ్డిగా పట్టుకోరు.

కంప్యూటర్ లేదని ఆగిపోనక్కర్లేదు. పది అంకెలతో చేసే పాఠానికి ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. ఒక్క కంప్యూటర్ ఉన్నా ఎక్సెల్‌తో చాలా దూరం పోవచ్చు. క్యూజిస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ ఉచితం. జనగణన జిల్లా పుస్తకాల్లో గ్రామాలవారీగా లెక్కలున్నాయి, అవీ ఉచితమే.

మన కాలేజీల ముందు ఇప్పుడు ఒక నిజమైన పని ఉంది. తర్వాతి జనగణన 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టుకుని జరుగుతుందని కేంద్రం ప్రకటించింది. ఆ లెక్కలు కొత్త జిల్లాలతో, కొత్త మండలాలతో వస్తాయి. 2011 లెక్కలు పాత గీతల్లో ఉన్నాయి. పదహారేళ్లలో ఏ ప్రాంతంలో ఏం మారిందో చెప్పాలంటే, పాత గ్రామాల లెక్కల్ని కొత్త హద్దుల్లోకి తిరిగి కూర్చాలి. ఏ గ్రామం ఏ మండలం నుంచి ఏ మండలంలోకి వెళ్లిందో, ఏది మునిసిపాలిటీలో కలిసిందో, ఏ తండా విడిగా పంచాయతీ అయిందో గ్రామం గ్రామంగా రాయాలి. ఒక్కో విద్యార్థి తన సొంత మండలం తీసుకుంటే ఒక సెమిస్టర్లో అయిపోతుంది. భూగోళశాస్త్రం ఉన్న ప్రతి డిగ్రీ కాలేజీ తన చుట్టూ ఉన్న మండలాల బాధ్యత తీసుకుంటే, కొత్త అంకెలు వచ్చేనాటికి పక్కన పెట్టి చూసుకోవడానికి పాత అంకెలు సిద్ధంగా ఉంటాయి. ప్రాక్టికల్ రికార్డులో ఎక్స్, వై వరుసల బదులు ఆ పట్టిక రాయించమని తోటి అధ్యాపకులను కోరుతున్నాను. ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.